కెమెరాకు తెలుపు చూపించినోడు

శామీర్‌పేటల కాలుష్యం అర్జీలు తీసుకునే సర్కారు ఆఫీసు ఎదురుంగ అమీర్ అలీ చాయ్ బండి ఉంటది. ఆ సోమారం పొద్దుగాల నేను, బుచ్చమ్మ, స్టూడియో పరమేశ్, ముగ్గురం గా బండి కాడ కూసున్నం. మా కుంటల చేపలు సచ్చినయ్. కుంటకు ఎగువనున్న కంపెనోడు నెల సంది మురికి నీళ్లు ఇడుస్తుంటే కుంట ఎర్రగైంది, మా సంఘంల ఇరవై ఇండ్లోళ్లం ఏసిన చేపలన్ని తేలినయ్. ఫోన్ల తీసిన ఫోటోలు నడువయని ఎవరో అంటే పరమేశ్‌ను తోల్కవోయి పెద్ద కెమెరాతోని తీపిచ్చి అర్జీకి పెట్టినం. కంపెనీ నీళ్లు బందువెడ్తరు, నష్టం కట్టిస్తరు అని ఆశ. జవాబు తీస్కపొమ్మంటే మా సంఘం పెద్ద సోమన్న లోపలికి వోయిండు. మా చాయ్‌లు చల్లారుతున్నయ్ గని పరమేశ్‌కు మాత్రం ముచ్చట దొరికింది.

"మీరు పరేషాన్ గాకుండ్రి. నా ఫోటోలు చూసినంక ఆఫీసరు కుర్సీలకెల్లి లేవకుంటే నన్నడుగుండ్రి. ఎందుకంటే రంగు. కెమెరా ఎంత పిరమైనదైనా దానికి తెలుపు ఏదో తెల్వదు భాయ్. బల్బు కింద అంత పచ్చగ కొడ్తది, నీడల నీలంగ కొడ్తది. మనమే ఒక తెల్లటిది ముంగట పెట్టి, ఇగో, గిది తెలుపు అని దానికి చెప్పాలె. గప్పుడు తక్కిన రంగులన్ని అదే సర్దుకుంటది. దీన్నే వైట్ బ్యాలెన్స్ అంటరు. దీనికోసం కొందరు బూడిదరంగు అట్ట కొంటరు, కొందరు కెమెరా మూతికి పెట్టే తెల్ల మూత కొంటరు, ఇంకొందరు రంగురంగుల గళ్ల పలక కొని మెడకేసుకొని తిరుగుతరు. నేనా? నా కంటిని మించిన సామాను ఇంకా పుట్టలే.

"పోయినేడు యాప్రాల్‌ల ఒక పెండ్లి. స్టేజీ మీద గులాబి లైటు, పక్కకెల్లి ఆకుపచ్చది, నెత్తి మీద పసుపుది. పట్నంకెల్లి ఇద్దరు ఫోటోగ్రాఫర్లు వచ్చిండ్రు. ఒకడు అట్ట పెట్టి కొలుస్తడు, ఒకడు మూత పెట్టి కొలుస్తడు, పెండ్లిపిల్ల మొకం మాత్రం వంకాయ రంగే వస్తాంది. నేను జల్దీ టిఫిన్ల కాడికి వోయి ఒక ఇడ్లీ తెచ్చి, పిల్ల గదుమ కింద పట్టి ఒక్క నొక్కు నొక్కిన. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఎవరి రంగు వాళ్లకొచ్చింది."

"ఇడ్లీ తిన్నవా తమ్మీ, పారేసినవా?" అన్నది బుచ్చమ్మ.

"తిన్ననక్కా. సామాను కడుపుల దాసుకునే ఫోటోగ్రాఫర్ను నేనొక్కణ్ణే. గిది చిన్న ముచ్చట. గండిమైసమ్మ కాడ బోనాలప్పుడు పోతరాజు ఒళ్లంత పసుపు, మీదికెల్లి ఎండ. అందరి కెమెరాలు ఆగమైనయ్. నేను, ఒక్కసారి నవ్వన్నా అని, ఆయన పండ్ల మీద తెలుపు పట్టిన. పసుపు పసుపు లెక్క, కుంకుమ కుంకుమ లెక్క వచ్చింది. పోతరాజు ఫోటో చూసుకొని ఇంటికి వోయి అద్దం మార్పిచ్చిండు. ఇన్నేండ్ల సంది అద్దం తప్పు రంగు చూపిస్తుండెనంట."

అమీర్ అలీ చాయ్ వడపోసుకుంటనే నవ్విండు. "ఇంకా పెంచు భాయ్, ఇంకా పెంచు" అన్నడు.

"పెంచుడు కాదు, జరిగింది చెప్తున్న. జీడిమెట్లల ఒకసారి క్యాలెండర్ ఫోటో తియ్యమన్నరు. దుమ్ముకు మొగులు మట్టిరంగున్నది. తెల్లటిదంటూ ఏం దొరకలే. బండి అద్దంల నా కంటి గుడ్డునే కెమెరాకు చూపిచ్చి తెలుపు పట్టిన. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మొగులు నీలంగైంది. ఫోటోల కాదు, నెత్తి మీద. పావుగంట సేపు. రోడ్డు మీద బండ్లన్ని ఆగినయ్, వేరే ఊరికి వచ్చినమా అని డ్రైవర్లు ఒకర్నొకరు అడుక్కున్నరు."

గప్పుడే సోమన్న ఆఫీసుల నుంచి బయటికొచ్చిండు. చేతుల ఒక కాయితం, మా అర్జీ కవరు ఉన్నయ్. వచ్చి బల్ల చివరకు కూసున్నడు. బుచ్చమ్మ ఆయన మొకం చూసి తల దించుకున్నది. పరమేశ్ ఒక్కడికే అది కనవడలే.

"రా సోమన్నా, నీ ముచ్చటనే వస్తాంది. కుంట గట్టు మీద అట్ట లేదు, ఇడ్లీ లేదు. అన్న పంచె కనవడ్డది. పొద్దుగాలనే ఉతికి కట్టుకున్న పంచె. జర నిలవడన్నా అని, మోకాలి మీద తెలుపు పట్టి తీసిన. ఇగ చూస్కోండ్రి. ఒక్కొక్క చేప పొలుసు లెక్కవెట్టొచ్చు. చేతి మరకలు పడొద్దని నేనే కవర్ల పెట్టి అతికిచ్చి ఇచ్చిన గని, అంతకుముందు ప్రింట్లు స్టూడియో ముంగట పరిచిన. ఆ తర్వాత ఏమైందో తెలుసా? కొంగ వచ్చింది. అటు చూసింది, ఇటు చూసింది, ఫోటోల చేపను ముక్కుతోని పొడిచింది. దొరకకపొయ్యేసరికి వోయి ఇంకో నాలుగు కొంగలను పిల్సుకొచ్చింది. కొంగలను చూసి చేపలు తోకలాడిచ్చినయ్. ఒట్టు. సచ్చిన చేపలు నా ఫోటోల బతికినయ్."

అమీర్ అలీ గిన్నె కిందవెట్టి మరీ నవ్విండు. నాకు గూడ నవ్వాగలే.

"నీ ఫోటోల కుంటకు ఏం కాలేదనే లోపలోళ్లు గూడ అంటున్నరు" అన్నడు సోమన్న.

కాయితం నా చేతికిచ్చిండు. నేను చదివిన. ఫోటోలల్ల నీళ్లు మామూలుగనే ఉన్నయ్, చేపలు ఎండకు సచ్చి ఉంటయ్, కంపెనీకి సంబంధం లేదు, అర్జీ కొట్టేసినం అని ఉన్నది. కవరు ఇప్పి ఫోటోలు తీసినం. మేమెవ్వరం అంతకుముందు చూడలే. కుంట నీళ్లు బిందెల ముంచుకొని తాగేటట్టున్నయ్. ఎరుపు అన్నది యాడ లేదు.

పరమేశ్ ఒక్కొక్క ఫోటో తిప్పి తిప్పి చూసిండు. "రంగు తప్పు రాదు సోమన్నా. తెలుపు మీదనే పట్టిన కద" అన్నడు.

సోమన్న లేసి నిలవడ్డడు. కట్టుకున్నది గదే పంచె. ఆఫీసు కాయితాన్ని నా చేతులకెల్లి తీస్కొని ఎనక్కి తిప్పి, తెల్లటి దిక్కు పంచె మీద ఆనిచ్చి పట్టిండు. కాయితం పక్కన పంచె ఇటుకపొడి నీళ్లల్ల ముంచినట్టున్నది.

"గీ పంచె నేను యాడ ఉతుకుతననుకున్నవ్? గా కుంటలనే. నెల సంది గా నీళ్లల్లనే ముంచి తీస్తున్న. రోజు చూసి చూసి నా కంటికి గూడ తెల్లగనే కనవడ్డది."

మేం మా బట్టల దిక్కు చూసుకున్నం. బుచ్చమ్మ కొంగు తీసి నడుముల దోపుకున్నది.

పరమేశ్ గొంతు తగ్గింది. అట్ట తీస్కపోతే అయిపోవునన్నడు. పంచెల ఎరుపుంటే కెమెరా గా ఎరుపునే తెలుపనుకున్నదంట, నీళ్లల్ల ఉన్న ఎరుపు మొత్తం తీసేసిందంట. మల్ల వోయి తీద్దామంటే, మొన్న వడ్డ వానకు కుంట నిండి మత్తడి దుంకి పాత నీళ్లన్ని కొట్కవోయినయ్.

"కంప్యూటర్ల రంగు సరిజేసి ఇస్త సోమన్నా. ఆ దినం ఎట్లుండెనో అట్లనే వస్తది. నిజమైన రంగే."

సోమన్న ఫోటోలు కవర్ల పెట్టుకున్నడు.

"నీళ్లు ఎర్రగున్న దినం తెల్లగ తీసిస్తివి. ఇప్పుడు నువ్వు ఎర్రగ చేసిస్తే, పైసల కోసం రంగేసుకొచ్చిండ్రంటరు పరమేశా. మేమే దొంగలమైతం."