అరిగిన జాజికాయ

2004 జూన్ 12, ఉదయం తొమ్మిదింటికి పంతొమ్మిదేళ్ల సాకిబ్‌ను బూర్గంపాడులోని ఒక దవాఖానాకు తెచ్చారు. తల్లినే అతడు ఎవరు నువ్వని అడుగుతున్నాడు.

"ఏం తాగిండమ్మా?" అంది నర్సు.

"ఏం తాగలే సిస్టరమ్మా. నోరు వాసన చూసిన."

నర్సు బయటికి పోయి, సాకిబ్ వెంట వచ్చిన దోస్తును అడిగి వచ్చింది. "జాజికాయ తింటే సారా వాసన ఎట్లొస్తది?"

"జాజికాయనా? బిర్యానీల ఏసేదా?"

"అదే. నిషా కోసం మూడు కాయలు పొడి కొట్టి తిన్నడంట. దోస్తు చెప్పిండు. ఇంట్ల నువ్వేమన్న మందు పోసినవా?"

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"జల్దీ చెప్పమ్మా."

"కక్కుతుంటే, నిద్రపడితే తగ్గుతదనుకున్న. చిన్నప్పటి లెక్కనే పాలల్ల అరగదీసి తాపిన."

"ఏంది?"

"జాజికాయనే."

"ఎంత?"

ఆమె కొంగుముడి విప్పి సగం అరిగిన కాయ చూపింది.

"ఇది ఈడికెందుకు తెచ్చినవ్?"

"మళ్లా కక్కితే ఇంకింత తాపుదామని."

మర్నాడు మధ్యాహ్నం రెండింటికి సాకిబ్ "అమ్మీ, నీళ్లు" అన్నాడు.