డీజిల్ నేర్చుకున్న చదువు

హలో… ఆ, నేనేలే ప్రియా, మీ అమృతక్కనే… గొంతా? నిన్నటి నుంచి అరిచి అరిచి ఇట్లయింది… కుక్క కాదు మే, అరిచింది నేను.

…మా కుక్క వీడియో చూసినావా? నవ్వొచ్చిందా?… నవ్వు, నవ్వు. నంద్యాలలో కూర్చుంటే నవ్వే వస్తాది. ఆళ్లగడ్డకొచ్చి మా వాకిట్లో నిలబడు, తెలుస్తాది.

…అవును, సబ్బు తినింది డీజిలే. మూడు దినాలు ఆవలిస్తే చాలు, చందనం వాసన… కుక్కర్ విజిలేస్తే మంచం కింద దూరేదీ ఇదే… మొన్న ఇంకోటి చేసింది. నిద్రలో తనే ఏదో చప్పుడు చేసి, ఉలిక్కిపడి లేచి, తన వెనకవైపు చూసి మొరిగింది. అంత ధైర్యశాలి.

…కానీ ఇప్పుడు నాకు నవ్వు రావడంలా ప్రియా. నిన్న అది ఖాసిం అన్న చేయి పట్టి కరిచింది… పక్కింటి ఖాసిం అన్న మే, గేట్లూ గ్రిల్లులూ వెల్డింగ్ చేస్తాడే, ఆయన… ఎనిమిది కుట్లు. మా గేటు కాడినుంచి వాళ్ల గేటు దాకా నెత్తురు. పొద్దున నేనే బిందెలతో నీళ్లు పోసి కడిగినా.

…వేయించుకున్యాడు, సూదులు. కుక్కకు ముందే వేయించినాం.

…మొదటిసారా? మూడోసారి మే, ఈ వారంలోనే. ఆదివారం షంషాదక్క బురఖా అంచు పీలికలు చేసింది. షంషాదక్క అంటే ఖాసిం అన్న భార్య. మంగళవారం వాళ్ల మేక చెవి… కొరకడం కాదు. ఇప్పుడు చెవి లేదు.

…అదే గదా నాకూ అంతుపట్టనిది! వీధిలో ఇంకెవర్నీ ముట్టదు. పాలాయన తోక తొక్కినా గమ్మునుంటాది. ఆ ఇంటోళ్ల మీదే ఏదో పాత కక్ష ఉన్నట్ల పోతాది.

…మామనా? ఆయన సంగతేం చెప్పేది. నిన్న వీధి నడుమ నిలబడి, "రేపు పన్నెండులోగా దీని తల పగలగొట్టకపోతే నా పేరు శ్రీనివాసులే కాదు" అన్న్యాడు. ముప్పై మంది విన్యారు… ఇప్పుడా? పదకొండున్నర.

…వాళ్ల నాయనను ఆపేదానికి మీ బావ కూడా లేడు, ప్యాపిలికి పోయినాడు, సాయంత్రం గానీ రాడు. అందుకే నిన్ను అడుగుతాండా. పది దినాలు దీన్ని నీ కాడ పెట్టుకో మే… మీ ఓనరమ్మ ఒప్పుకోదా? రిజ్వానమ్మ మంచిదే గదా… అడిగి చూడు. ఒక ప్రాణం, ప్రియా. పిల్లప్పుడు పెట్రోలు బంకు కాడ దొరికింది, నా చేతులతో పాలు తాగించినా.

— ఉండు, ఒక్క నిమిషం… ఏం లేదు, ఆర్షియా గోడెక్కి తొంగి చూస్తాంది. ఖాసిం అన్న కూతురు… కట్టేసినా మే, మంచం కోడుకు. మంచం నీడలో పడుకొని కాళ్లు నాక్కుంటాంది, దానంత సాధువు లేదన్నట్ల…

ఏందమ్మా ఆర్షియా?… "ఉస్కో బాంధే క్యా"నా? అంటే ఏంది—

ఓయ్! డీజిల్! ఓయ్!

అమ్మో, మంచం! మంచం లాక్కొని పోతాంది! దిగు తల్లీ, గోడ దిగు!… నా కాలు!… ఛీ, వదులు! వదలవే దాన్ని!

…

ఉన్నా. లైన్లోనే ఉన్నా. బతికే ఉన్నా… మంచం గోడకు గుద్దుకొని కోడు విరిగింది. నా మోకాలు చెక్కుకపోయింది, కారుతాంది… పాపకేం కాలా. చున్నీ మాత్రం సగం దీని నోట్లో ఉంది.

…నవ్వుతాండావా? నీకు సిగ్గుండాల.

— ఆగు ఆగు, లోపలికి రానీ, దీని చెవిన పడకూడదు. ఆ పాప ఏమనిందో విన్నావా?… "ఉస్కో బాంధే క్యా". ఉర్దూలో, దాన్ని కట్టేసినారా అని. పాపం భయపడి అడిగింది. వాళ్లకు "ఉస్కో" అంటే దాన్ని, వాణ్ణి, వానికి. దినానికి నూరుసార్లు అంటారు… మరి మనకు? మనకు "ఉస్కో" అంటే ఏంది మే?

…ఆ! అదీ! కుక్కను ఉసిగొల్పేది!

మామే నేర్పినాడు ప్రియా! పోయిన నెల మిద్దె మీద వేరుశనగ బుడ్డలు ఆరబోసినాం. కోతులు ఎగబడతాంటే, "ఉస్కో" అంటాడు, ఇది ఉరుకుతాది, తిరిగొస్తే ఒక కోడి మెడ. ఉస్కోకొక కోడి మెడ, నెల దినాలు. దీనికి ఎక్కినంత చదువు నాకు డిగ్రీలో ఎక్కలా.

…చూడు మరి. ఆదివారం షంషాదక్క బిర్యానీ గిన్నె తెచ్చి, ఖాసిం అన్నతో "ఉస్కో దేవ్" అనింది. నాకియ్యమని! మేక తాడు తెంచుకుంటే "ఉస్కో పకడ్" అన్న్యారు, దాన్ని పట్టుకోమని. నిన్న ఖాసిం అన్న గేటు కాడ ఫోన్లో "ఉస్కో బోల్, ఉస్కో బోల్" అని, వానికి చెప్పమని, చేయి ఊపుతాండాడు. దీనికి రెండు కోడి మెడలు కనపడినట్లుండాయి.

…ఇంక నీ కాడికి ఎట్ల పంపేది? రిజ్వానమ్మ ఇంట్లో వారం తిరిగేలోగా ఎవరో ఒకరు ఆస్పత్రిలో ఉంటారు… చాగలమర్రిలో పెద్దమ్మ కాడికా? ఆడ రెండు పక్కలా అదే మాట. మన సీమలో "ఉస్కో" వినపడని వీధి యాడ వెతికేది?

— మామ వచ్చినాడు… ఒట్టి చేతులు కాదు. రోకలి. ఇనప పొన్నుండే పెద్ద రోకలి. ఫోన్ పెట్టాకు, గమ్మున విను.

మామా, ఒక్క మాట విను. దాని తప్పు కాదు. ఆ మాట నువ్వు నేర్పిందే… అదే మామా, కోతుల మీదికి… నేను మళ్లీ అనను, ఈసారి దీన్ని ఆపేదానికి మంచం కూడా లేదు. కోడి మెడలు గుర్తుండాయా? వాళ్లింట్లో అది మామూలు మాట…

…ప్రియా, ఆయనకు అర్థమైంది. ముఖం చూస్తే తెలుస్తాంది, ఒక్కసారిగా నల్లబడింది. కానీ రోకలి దించలా… ఎందుకా? ముప్పై మంది ముందర మాట అన్న్యాడు గదా. తప్పు నాది అనేదానికన్నా కుక్కను చంపేది సులభం.

మామా, వద్దు! వద్దంటే—

…కొట్టినాడే! కొట్టినాడు! తల కాదు, తొడ మీద. నేను భుజంతో తోసినా, గురి తప్పింది… ఆ అరుపు వింటాండావా?… మళ్లీ ఎత్తినాడు. మామా! నన్ను కొట్టి దాన్ని కొట్టు!

ఖాసిం అన్నా! బేగా రా అన్నా!

…గోడ దూకినాడు మే, ఒంటి చేత్తో. కుక్కకు అడ్డం కూర్చున్యాడు. "ఒక చేతికి ఎనిమిది కుట్లు పడినాయి శీనన్నా, రెండో చేయి ఖాళీగానే ఉంది, కొట్టు" అంటాండాడు… రోకలి ఇంకా పైనే ఉంది.

…ఏమంటాండాడో చెప్తా, ఉండు. "దీన్ని నాకియ్యి, షెడ్డు కాడ కట్టేసుకుంటా" అంటాండాడు. ఎద్దు మూతికి కట్టే చిక్కం ఉంటాది చూడు, అట్లాంటిది కమ్మీతో తనే చేస్తాడంట. "మా షెడ్డులో ఆ మాట దినానికి వెయ్యిసార్లు అంటాం. కోడి మెడ లేకుండా వెయ్యిసార్లు వింటే మనిషే పట్టించుకోడు, కుక్కెంత" అంటాండాడు… ఆర్షియాను గొలుసు తెమ్మని చెప్పబోయి, "ఉస్" దాకా వచ్చి నోరు మూసుకున్యాడు మే, చెమటలు పట్టినాయి ఆయనకు!

…ఉష్. మామ మాట్లాడతాండాడు.

…

"నేర్పింది నేనే ఖాసిం" అన్న్యాడు. చిన్నగా. వీధికి వినపడేంత కాదు… మెట్టు మీద కూలబడినాడు. రోకలి కింద పెట్టినాడు. విరిగిన కోడుకుండే గొలుసు ఆయనే విప్పి ఖాసిం అన్న చేతికిచ్చినాడు.

…డీజిలా? లేచింది. కుంటుతాంది. ఖాసిం అన్న కట్టు మీదే నాకుతాంది, మానం మర్యాద లేని జన్మ.

…నువ్వెందుకు ఏడుస్తాండావే ఇప్పుడు?… నాకా? నాకేం భయం. నా ఎడమ చేతిలో ఏముందో తెల్సా?… కాదు… కర్ర కాదు మే. కారంపొడి. మెట్ల మీద చాటలో ఎండబెట్టినా, రోకలి చూస్తానే పిడికెడు తీసుకున్యా… ఎవరి కళ్లలోకని అడుగుతాండావా? మూడోసారి ఎత్తింటే నీకూ తెలిసేది.

…సొంత మామే, నేనేం కాదన్నానా?

…అయ్యో, పిడికిలి తెరుచుకోవడంలా. చెమటకు ముద్దకట్టింది. చేయి మండిపోతాంది… మజ్జిగలో పెట్టాల్నా? సరే సరే, ఉండు, పెట్టేస్తా. మామ నీళ్లు అడుగుతాండాడు, ఈ చేత్తో యాడ ఇచ్చేది.