దొడ్డికాడి సందు

హలో… ఆ నేనే బిడ్డా, అమ్మను. …నాయిననా? దొడ్డికాడ ఉన్నడు. ఇయ్యాల గొర్లకు కడుపుల పురుగులు పోనీకి నట్టల మందు తాపుతున్నం.

…ఏమైందే సింధూ, గొంతు గట్లుంది? …జలుబా! నాకు చెప్తున్నవా, నిన్ను కన్నదాన్ని. మొన్న తాండూరుల రైలెక్కేటప్పుడు గూడ మొఖం గిట్లనే ఉండె. చెప్పు.

ఆ… విమానం ఇంజను గాలి పీల్చే మూతి, తెలుసు. మూడేండ్ల సంది గదే కదా నీ పని. …మల్లా ఫెయిలైందా? …ఇంక ఒక్కసారే పరీక్షనా? గిప్పుడే? …అదీ పోతే నువ్వు చేసింది పక్కకు పెట్టి నీతోని పనిచేసే ప్రణవి గీసింది తీసుకుంటరా? అయ్యో… మూడేండ్ల కష్టం బిడ్డా!

ఏడ్వకు, ఏడ్వకు. ఏం అయితున్నదో నాకు జర తెలిసేటట్టు చెప్పు. …నాకెందుకా? చెప్తే నీ సొమ్మేం పోతది?

ఊఁ… గోడను రాసుకుంట పోయే గాలి మెల్లగ పోతది. నడిమిది మస్తు జోరుగ ఉరుకుతది. …షాక్ తరంగమా? అంటే? …ఉరికే గాలి ఒక్కజాగల దబ్బున ఒత్తుకుంటదా. ఆడ గోడపక్క గాలికి తాకత్ లేక ఎనుకకు మర్లుతదా… మర్లి తొవ్వంత కట్టేస్తదా… ఇగ మూతి దడదడ కొట్టుకుంటదా.

…ఓసి పిచ్చిదానా! గిది మన గొర్ల తీరే కదనే!

నవ్వు, నవ్వు. …మందు తాపనీకి నాపరాళ్లు నిలబెట్టి ఇరుకు తొవ్వ చేసినం గదా. నడిమి గొర్లు ఉరికొస్తయ్. రాళ్లను రాసుకుంట వచ్చేటియి మెల్లగొస్తయ్. మందు తాపే కాడ ముందటియి టక్కున ఆగంగనే గా పక్కటియే మొఖం తిప్పుతయ్. ఇగ గొర్లన్ని జామ్! …అవ్, అందుకే మీ నాయిన ఓ రాయి తీసి సందు పెట్టిండు. మెల్లటియి పక్కకు జారిపోతే మిగిలినయి సక్కగ నడుస్తయని.

…నువ్వు గూడ సందు పెట్టినవా? మరింకేంది? …ఏడ పెట్టినవ్? …గాలి ఒత్తుకునే జాగ దాటినంకనా! ముందు లేదా? …ఉన్నదా! టేపేసి మూసినవా? ఎందుకే? …గాలి దండుగైతదనా!

అచ్చం నాయిన బిడ్డవే! ముందు సందు తీస్తే గొర్లు పక్కనున్న ఈశ్వరమ్మ కందిచేన్ల పడ్తయని ఆయన గూడ గట్లనే గొర్లు ఆగే జాగ దాటినంక పెట్టిండు. పొద్దటి సంది పరేషాన్. మర్లినంక సందు సూపెడితే ఏ గొర్రె పోతదే? ఆగే జాగకు జర ముందుగాల్నే తియ్యాలె. నేను కొట్లాడి ఇందాకనే ముందు తీపిచ్చిన, ఇగ సక్కగ నడుస్తున్నయ్.

…సింధూ? …ఏందా చర్రుచర్రుమనే సప్పుడు?

…టేపు పీకుతున్నవా! మీ సారు ఏమన్నంటడో? …నీ ఇష్టమన్నడా! మరింకేం, పీకు. …ఫోన్ కట్ చెయ్యకు. పక్కకు పెట్టు, నేను గూడ ఇంట. …పరీక్ష ఇరవై సెకన్లేనా? గింతదానికి మూడేండ్లా!

—ఏమయ్యో! గిటు రా! బిడ్డ చేసిన మూతికి గాలి కొడుతున్నరు, ఇందువు రా! గొర్లు ఏడికి పోవు, రా జల్ది!

…అబ్బో, ఏం మోతనే! …

…దడదడ ఏది? …ఏమయ్యా, నీకేమన్న ఇనొస్తుందా? నాకైతే ఒక్కతీరుగ గుయ్యిమంటున్నది. …

…ఆగింది. అయిపోయిందా? …బిడ్డా? …సింధూ, ఏమైందో జల్ది చెప్పు!

…ఏడుస్తున్నవా, నవ్వుతున్నవా? …రెండూనా! …తొవ్వ కట్టలేదా? ఒక్కసారి గూడనా? …నా తల్లే! నా బంగారమే! ఇయ్యాల నా కడుపు నిండింది బిడ్డా. …ఏందీ? సారు ఎట్ల తోచిందని అడుగుతున్నడా? గొర్లు చెప్పినయని చెప్పు! …ఇదిగో, నాయినకిస్త, మాట్లా—

ఓయమ్మో! ఏమయ్యో, గొర్లు! గా సందుల నుంచి గొర్లమందంత ఈశ్వరమ్మ చేన్ల పడ్డది! ఉరుకు! …గదిగో, ఈశ్వరమ్మ కట్టె పట్టుకొని రానే వస్తున్నది…

…ఫికర్ చెయ్యకు బిడ్డా. తిట్టనీ తియ్. ఇయ్యాల ఎన్ని తిట్లైనా నవ్వుకుంట పడ్త. ఫోన్ పెడుతున్న!