స్టాలుకు తెచ్చిన బెంచీ

మిలాన్‌లో బూట్ల వ్యాపార ప్రదర్శన, రెండో రోజు. ఓర్నెల్లా పెట్టిన స్టాల్లో, ఆమె తండ్రి కాలం నాటి కుట్టుపనివాడు సెత్తీమియో బెంచీ ముందు కూర్చుని ఉన్నాడు.

“తలెత్తకు బాబాయ్. కుడుతూనే ఉండు. ఎవరో ఆగారు.”

“ఆగనీ. నన్ను చూడ్డానికి ఆగుతున్నారు, బూటు చూడ్డానిక్కాదు.”

“మెల్లగా! వింటాడు... అదిగో, వెళ్ళిపోయాడు. నీ వల్లే.”

“అవును, నా వల్లే. నిన్నట్నుంచీ ఒకటే బూటు. కుట్టడం, విప్పడం, మళ్ళీ కుట్టడం. తోలు చిల్లులు పడిపోయింది ఓర్నెల్లా. పని తెలిసినవాడు చూస్తే మొహాన ఉమ్ముతాడు.”

“పని తెలిసినవాళ్ళు ఇక్కడికి రారు. కొనేవాళ్ళొస్తారు. ఎదుటి స్టాలు చూడు, అన్నీ అద్దాలూ తెరలూ. ఒక్కడైనా లోపలికెళ్ళాడా? మన దగ్గర నిజం కనపడుతుంది, అందుకే ఆగుతున్నారు.”

“నిజమా! ఈ తోలు ఏప్రాన్ నేనెప్పుడైనా కట్టుకున్నానా?”

“ఫొటోల్లో బావుంటుంది. ఆ రొట్టె సంచీలో పెట్టు, ఉల్లిపాయ వాసనొస్తోంది.”

“తిననివ్వవు కూడా! సరే... బెంచీ మాత్రం నాదే. చేరిన రోజు మీ నాన్న చూపించి, ఇది నీ చోటు అన్నాడు. నేలకి బిగించింది కదా, ఎలా ఊడదీశావ్?”

“ఊడదీయించాను. ఆ దీపం కాస్త ఇటు తిప్పు.”

“దీపమూ అక్కడిదే. ఆ చెక్క అచ్చులూ అక్కడివే. వర్క్‌షాపంతా మోసుకొచ్చావా ఏంటి?”

“స్టాలు డిజైనరు కొత్తవి వద్దన్నాడు. నీళ్ళు కావాలా?”

“మాట మార్చకు. మా చెల్లెలింటి నుంచి నేరుగా ఇక్కడికే రమ్మన్నావ్. ఒకసారి మన ఊరెళ్ళి వస్తానంటే వద్దన్నావ్. ఎందుకని?”

“టైము లేదని.”

“ఓర్నెల్లా, ఒక్కటే అడుగుతా. ఆర్డరొస్తే, మూసేసిన వర్క్‌షాపు మళ్ళీ తెరుస్తావుగా? ఇవాల్దో, ఫియోరెంజా, మన పనివాళ్ళందరూ నా ఫోను కోసమే కూర్చున్నారు. తెరుస్తానన్నావనే ఈ కోతివేషం వేశాను.”

“ముందు రానీ బాబాయ్.”

“వస్తే?”

“రానీ అన్నానుగా! జపాన్ వాళ్ళు, నిన్నటివాళ్ళే! కుట్టు, కుట్టు!”

ఓర్నెల్లా వాళ్ళతో లోపలి గదిలో చాలాసేపు మాట్లాడి వచ్చింది.

“ఆర్డరిచ్చారు బాబాయ్. రెండు సీజన్లకి. చేత్తో కుట్టినవే కావాలట. నీ పక్కన నిలబడి అరగంట చూసి మరీ ఇచ్చారు.”

“ఇచ్చారా! మరి ఏడుస్తావేం, పిచ్చిపిల్లా? నేనన్నవన్నీ వెనక్కి తీసుకుంటున్నా. నువ్వే గెలిచావ్. మీ నాన్నుంటే ఎగిరి గంతేసేవాడు. ఏదీ, ఫోనివ్వు, ఇవాల్దోకి చెప్తా. సోమవారం పొద్దున్నే అందరం వచ్చేస్తాం.”

“వద్దు. ఇప్పుడే చెప్పొద్దు.”

“ఏం, వాళ్ళు సంతోషపడకూడదా?”

“ఎక్కడికి రమ్మంటావ్ బాబాయ్?”

“ఎక్కడికేంటి? మన వర్క్‌షాపుకి!”

“నడవ మొదట్లో స్టాలు, ఈ డిజైనరు, ఈ అలంకారం... ఊరికే వచ్చాయనుకున్నావా? దీనికోసమే దాన్ని అమ్మేశాను. పోయిన వారం కూల్చేశారు.”