ఏ లెక్క రాదని వెళ్తున్నావు?

1991 జూన్ మూడవ తేదీ, సోమవారం ఉదయం మా బీమా సంస్థ పరిహారాల విభాగంలో జూనియర్ అసిస్టెంటుగా అడుగుపెట్టిన మా మేడమ్, సుదీర్ఘ సేవానంతరం నష్టభయ అంచనా విభాగాధిపతిగా ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. ఎవరు ఏం చెప్పినా "ఎందుకని?" అని అడగడం వారి స్వభావం కనుక, వారికి 'ఎందుకని మేడమ్' అనే పేరు ఏనాడో స్థిరపడింది. ఈ వ్యాసంలోని ప్రతి విశేషణానికీ వారి నుంచి ఆ ప్రశ్న తప్పదని తెలిసే, కాస్త బెరుకుగానే రాస్తున్నాను.

తొలి పదకొండేళ్ళు దరఖాస్తుల పరిశీలనలో గడిపిన వారు, ముప్పైఏడో ఏట, ఇద్దరు పిల్లల తల్లిగా, జీతం లేని సెలవు పెట్టి క్వాంటిటేటివ్ ఫైనాన్స్‌లో, అంటే ఆర్థిక నష్టభయాన్ని గణితంతో కొలిచే శాస్త్రంలో, రెండేళ్ళ పీజీ పూర్తిచేశారు. కూతురి ఎక్కాల పుస్తకమూ తల్లి పాఠ్యగ్రంథమూ భోజనాల బల్ల మీద కలిసిపోయేవని, ఒకనాడు పాప బడికి సంభావ్యతా సిద్ధాంతాన్ని పట్టుకుపోయిందని వారి భర్తగారు ఇప్పటికీ నవ్వుతూ చెబుతారు. 2004లో తిరిగివచ్చి, అంతవరకూ అనుభవం మీదే నడిచిన అంచనాలకు శాస్త్రీయమైన పునాది వేశారు.

వారి విజయాలను మాత్రమే ఏకరువు పెడితే వారే ఒప్పుకోరు. 2007లో, ఏటికి అవతల దూరదూరంగా ఉన్న రెండు ఊళ్ళ దుకాణాలకు, వ్యాపారం ఆగిపోతే ఇవ్వవలసిన పరిహారాన్ని అంచనా వేస్తూ, ఒక ఊరి నష్టానికీ రెండో ఊరి నష్టానికీ సంబంధం లేదని వారు సూత్రబద్ధంగా నిరూపించారు. ఆ వర్షాకాలం వంతెన కొట్టుకుపోయి రెండు ఊళ్ళూ ఒకేసారి మూతపడ్డాయి. "రెండిటికీ సరుకొచ్చే వంతెన ఒకటే కదండీ, నన్నడిగితే చెప్పేవాణ్ణి" అన్నారట పరిహారాల విభాగంలోని పెద్ద గుమాస్తాగారు. అడగకపోవడం తన తప్పేనని మేడమ్ నివేదికలో స్వదస్తూరీతో రాశారు.

వారి విభాగంలో పనిచేస్తున్న నాకు ఇరవైయేడో ఏట, 2016లో, అదే చదువులో సీటొచ్చింది. సంస్థ అప్పటికి దీర్ఘకాలపు సెలవులు ఆపేసింది కనుక రాజీనామా చేయక తప్పదు. వస్తానో రానో కాలేజీకి ఆ సాయంత్రం ఐదులోగా తెలియజేయాలి. పదకొండు గంటలకు మేడమ్ గదిలోకి వెళ్ళాను.

"వెళ్ళమంటారా మేడమ్?"

"ఏ లెక్క రాదని వెళ్తున్నావు?"

వారు నా చేతిలోని పాఠ్యాంశాల పట్టిక తీసుకుని పెన్సిలుతో ఒక్కొక్కటే కొట్టివేయసాగారు. "ఇది నీకొచ్చు. ఇది నేను నేర్పిస్తాను. ఇది చదివాను గానీ ఒక్కసారీ వాడలేదు." పద్నాలుగింటిలో రెండు మిగిలాయి. ఏం తేల్చుకున్నానో అడగడానికి ఇంటి దగ్గర్నుంచి నాన్న అప్పటికే రెండుసార్లు ఫోను చేశారు.

"ఈ రెండిటి కోసం వెళ్ళు, తప్పులేదు. కానీ నువ్వు వీటి కోసం వెళ్ళట్లేదు."

దాచి లాభం లేదనిపించి చెప్పేశాను. "మీటింగుల్లో నన్నెవరూ ఏమీ అడగరు మేడమ్. పేరు పక్కన ఆ డిగ్రీ ఉంటే అడుగుతారని."

వారు పెన్సిలు కింద పెట్టారు. "దానికి రెండేళ్ళెందుకు? రేపు మీటింగులో మొదట నువ్వే మాట్లాడు."

నా కుర్చీలోకి వచ్చి కూర్చున్నాను. వస్తున్నానని టైపు చేశాను, చెరిపేశాను. ఐదుకు పది నిమిషాలుందనగా మళ్ళీ టైపు చేశాను. నాన్న ఫోను మోగుతూనే ఉంది, ఎత్తలేదు. పంపకుండానే ఐదు దాటింది. వాష్‌రూములోకి వెళ్ళి తలుపు వేసుకుని ఏడ్చాను.

మరునాడు మీటింగులో అందరికంటే ముందు లేచి, మేడమ్ లెక్కలోనే ఒక పొరపాటు చూపించాను. "ఆ అమ్మాయి చెప్పింది నిజం, సరిదిద్దండి" అన్నారు వారు అందరి ముందూ. అయినా నా మనసు కుదుటపడలేదు. ఆ ఏడే రాజీనామా చేసి అదే చదువుకు వెళ్ళిన నా స్నేహితురాలు మళ్ళీ మా సంస్థలోనే చేరి నాకు పై అధికారి అయినప్పుడు మేడమ్ మీద నాకు కలిగిన కోపం చిన్నది కాదు. ఆ చదువు విలువైనదేనా అంటే, మేడమ్‌కు అవును, నా స్నేహితురాలికీ అవును. నా విషయం నాకు నేటికీ తేలలేదు.

పోయిన వారం ధైర్యం చేసి అడిగాను, ఆ రోజు నేను వెళ్ళి ఉండాల్సిందా అని.

"నిన్ను పంపడం నాకిష్టం లేదమ్మా. నువ్వెళ్తే ఈ విభాగం నడపలేనేమోనని భయం. సలహా చెప్పేముందు ఆ సంగతి నీకు చెప్పాల్సింది, చెప్పలేదు. తొమ్మిదేళ్ళుగా అది నన్ను తొలుస్తూనే ఉంది."

కోపం రావలసిన చోట నాకు కళ్ళు నిండాయి. నన్నెవరూ లెక్కచేయరని నేను కుమిలిపోయిన ఆ రోజుల్లోనే, నేను లేకపోతే ఎలాగని ఒకరు భయపడ్డారు.

మేడమ్, మీకు సంపూర్ణారోగ్యమూ దీర్ఘాయుష్షూ కలగాలని, భర్తగారితో, పిల్లలతో మీ శేషజీవితం ప్రశాంతంగా సాగాలని విభాగమంతా మనసారా కోరుకుంటోంది. నాది మరొక్క విన్నపం. తొమ్మిదేళ్ళు మోసిన ఆ దిగులును ఇక్కడే, నా బల్ల మీద దించి వెళ్ళండి. ఆ మాట మీరు ఆనాడే చెప్పి ఉన్నా నేను ఉండిపోయేదాన్ని, అదీ సంతోషంగా.