సొరచేపకి సెలవెవరిస్తారు

ఉమామహేష్ నోరు తెరిచాడంటే టీ చల్లారాల్సిందే. తను తాగడు, పక్కవాళ్ళని తాగనివ్వడు.

ఆ మధ్యాహ్నం కూడా అంతే. షిఫ్టు దిగి, మల్కాపురంలో అప్పాయమ్మ టీ కొట్టు బల్ల మీద ఇలా కూలబడ్డాడో లేదో అలా ఎత్తుకున్నాడు. అతను పోర్టులో సరుకులెత్తే కంపెనీలో డైరెక్టరీ చూస్తాడు. అంటే అక్కడ పనిచేసే వాళ్ళందరి పేర్లూ, ఫొటోలూ, ఎవరు ఎవరి కింద, ఎవరికి ఏ గేటు తెరుచుకోవాలి, అన్నీ కంప్యూటర్లో ఒకచోట పెట్టి చూసుకునే పని. అప్పాయమ్మ మొగుడు తవిటయ్య ఆ కంపెనీలోనే క్రేను నడిపాడు. పోయి నాలుగు నెలలైంది. పోయినవాళ్ళ పేర్లు కంప్యూటర్లోంచి కొట్టేస్తారని ఎవరో అన్నప్పట్నుంచీ ఆవిడకి ఒకటే బెంగ. ఉమామహేష్‌ని అడగాలని రోజూ అనుకుంటుంది, నోరు రాదు.

ముందు చిన్నగానే మొదలెట్టాడు. కంపెనీలో పదకొండు మంది అప్పలరాజులున్నారట. ఒకడు సెలవు పెడితే పదకొండు మందికీ పడిపోయిందట, పదకొండు మందీ చక్కా ఇంటికి పోయారట. అప్పుడు తను ఒక్కొక్కడికీ ఒక్కో నంబరిచ్చి విడదీశాడట. రిఫైనరీలో పనిచేసే గంగరాజు, ఇదేదో నిజంలాగే ఉందని తలూపాడు. ఊపకుండా ఉండాల్సింది.

"ఆ తరవాతేటైందో తెల్సా?" అన్నాడు ఉమామహేష్. స్టోర్సు గుమస్తా పేరుని మౌసుతో పట్టి ఓడల సెక్షన్లోకి లాగాడట, సాయంత్రానికల్లా ఆ మనిషి కుర్చీతో, ఫ్యానుతో, సగం తిన్న ఉప్మాతో సహా నడిసముద్రంలో ఓడ మీద తేలాడట. అది చూసి పై ఆఫీసరు దండం పెట్టి ఊరందర్నీ కంప్యూటర్లోకి ఎక్కించెయ్యమంటే ఎక్కించేశాడట, ఊరైపోతే సముద్రం మీద పడ్డాడట, చేపచేపకీ ఐడీ ఇచ్చి, ఏది ఎవరి కింద పనిచెయ్యాలో రాసేశాడట. ఇంక వలలెందుకు, పేరు పెట్టి పిలిస్తే ఒడ్డుకొచ్చేవట.

"వంజరం చేపకి మేనేజరెవరు బావా?" అన్నాడు గంగరాజు.

"సొర. సెలవు కావాలన్నా ఆడి సంతకమే."

బల్ల బల్లంతా నవ్వింది. ఇంక ఆగుతాడా? చిత్రగుప్తుడే ఫోను చేశాడట. పుస్తకాల్లో పేర్లు కలిసిపోయి, ఒకడి కోసం వెళ్తే ఇంకొకడు దొరుకుతున్నాడని ఏడ్చాడట. "నాను సెప్పీసాను. నా సంతకం లేకుండా ఒక్క పేరు కొట్టడానికి నేదు అని."

అప్పాయమ్మ చేతిలో టీ వడగట్టే జల్లెడ ఆగిపోయింది.

"మరి మా ఆయన పేరు కొట్టినప్పుడు ఎక్కడున్నావు బాబూ?"

ఉమామహేష్ గ్లాసు కింద పెట్టాడు. ఎప్పుడూ గట్టిగా మాట్లాడే మనిషి గొంతు తగ్గించాడు.

"కొట్టనేదు వదినా. గేటు తెరుచుకోకుండా ఆపీమన్నారు, ఆపీసాను. పేరు తీసీమన్నారు, అది నా వల్ల కానేదు."

తవిటయ్య వివరాలు ఎక్కించిన రోజు సంగతి చెప్పాడు. ఏదైనా అయితే ఎవరికి చెప్పాలంటే అప్పాయమ్మకి అన్నాడు. ఆవిడ ఏమవుతుందంటే "అన్నీ" అన్నాడు. భార్య, తల్లి, అన్న, ఇలా కంప్యూటర్లో ఉన్నవాటిలోంచే ఎంచుకోవాలి, అన్నీ అనేది అందులో లేదు. తవిటయ్య కుర్చీలోంచి లేవలేదు. చివరికి ఉమామహేషే కంపెనీ మొత్తానికీ ఆ మాట కొత్తగా చేర్చాడు. ఇప్పటిదాకా ఇంకెవరూ దాన్ని ఎంచుకోలేదు.

"ఇదీ కోతలేనా?" అంది అప్పాయమ్మ.

అతను ఫోను తీశాడు. ఆవిడకి చదువు రాదు. ఫోను గంగరాజుకిచ్చింది.

గంగరాజు కళ్ళు చిట్లించి చదివాడు. "తవిటయ్య, క్రేను సెక్షను. చెప్పాల్సిన మనిషి అప్పాయమ్మ. బంధం, అన్నీ."

ఫొటోలో తవిటయ్య మీసం దువ్వుకుని బిగుసుకు కూర్చున్నాడు. ఆవిడ కొంగుతో చేతులు తుడుచుకుని, ఫోను తీసుకుని చాలాసేపు చూసింది.

"సేపలకి పేర్లెట్టావు, ఈ ముక్క ముందే సెప్పడానికేటి బాబూ?"

"ఇది నిజం కదొదినా. నాకు అలవాటు నేదు."

ఆవిడ కళ్ళు తుడుచుకుంది. చల్లారిన టీ పారబోసి, వేడి టీ పోసి అతని ముందు పెట్టి, ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుంది.

"సర్లే గానీ, మరి ఆ సొరకి సెలవెవరిస్తారు?"