ఐస్ మీద పదకొండు నిమిషాలు

"ఐస్ పడిన రాత్రి మా ఇంటి నుంచి హాస్పిటల్‌కి పదకొండు నిమిషాల్లో వెళ్లాను. నమ్మితే నమ్మండి, లేకపోతే టీ తాగండి," అన్నారు వెంకటేశ్వర్లు గారు.

ఆయన భార్య లీల సంవత్సరీకం. భోజనాలయ్యాక మోరిస్‌విల్‌లో వాళ్లింటి వెనక చెక్క డెక్ మీద ఐదారుగురం కూర్చున్నాం. కూతురు ఇషా టీ పోస్తోంది.

"సాయంత్రమంతా లీల దగ్గరే ఉన్నాను. 'ఇషా ఉందిగా, మీరెళ్లి కాస్త తినండి' అని పంపింది. తిన్నానో లేదో, ఇషా ఫోన్. అమ్మకి బాగాలేదు, రమ్మని. చెప్పులు కూడా వేసుకోకుండా కారెక్కాను. రోడ్డంతా అద్దం. బ్రేక్ తొక్కితే కారు ఆగదు, సరే అని తొక్కడమే మానేశాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"గుద్దేశారు," అన్నాడు ఆయన పాత కొలీగ్ రవికుమార్.

"నలభై ఏళ్ల డ్రైవింగయ్యా నాది. కారు గిర్రున తిరిగి వెనక్కి నిలబడింది. అలాగే రివర్స్‌లో హైవే ఎక్కించాను, ఎనభైలో. గ్యాస్ స్టేషన్ దగ్గర నలుగురు ముసుగులేసుకుని అడ్డం నిలబడ్డారు, తుపాకులతో. కారు కావాలట. దిగి, మా ఆవిడ హాస్పిటల్‌లో ఉందని స్పానిష్‌లో చెప్పాను."

"మీకు స్పానిష్ వచ్చా అన్నయ్యగారూ?" అన్నాను.

"ఆ రాత్రికి వచ్చిందమ్మా. వాళ్లలో పెద్దవాడు ఏడ్చేసి తన మోటర్ సైకిలిచ్చాడు. టన్నెల్లోకి దూరాను. వెనకే హెలికాప్టర్."

"టన్నెల్లో హెలికాప్టరా?"

"చిన్నదిలే. బయటికొస్తే ఎదురుగా బ్రిడ్జి సగం లేదు."

"మోరిస్‌విల్‌లో అంత బ్రిడ్జి ఎక్కడుందండీ?" అన్నాడు రవికుమార్.

"కూలిపోయిందంటున్నానుగా. ఒక్క దూకు దూకాను. గాల్లోంచి చూస్తే ఆరో అంతస్తులో లీల గది లైటు. తిన్నగా కిటికీలోంచి వెళ్లి పడ్డాను. కళ్లు తెరిచింది. 'వచ్చారా' అని నా చెయ్యి పట్టుకుంది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

అప్పటిదాకా నవ్విన వాళ్లం ఆగాం.

"నాకు తెలుసు నాన్నా," అంది ఇషా. "అక్కడ ఉన్నది నేనే. పదకొండు సార్లు కాల్ చేశాను. అమ్మ తెల్లవారుజామున మూడింటికి పోయింది. నువ్వు ఏడింటికి వచ్చావు. ముసుగులు, టన్నెల్, బ్రిడ్జి ఆ రాత్రి నువ్వు చూస్తున్న స్పానిష్ సినిమాలోవి. మన టీవీలో సగంలో ఆగి ఉంది. అంత ఏముందా అని తర్వాత నేను చూశాను."



"ఫోన్ పక్కనే ఉందమ్మా, సైలెంట్‌లో," అన్నారాయన. "లైటు వెలగడం తెలుస్తూనే ఉంది. సినిమాలో వాడూ హాస్పిటల్‌కే పరిగెడుతున్నాడు, భార్య కోసం. ఆ భాష రాదు కదా, సబ్‌టైటిల్స్ చదవాలి. తల తిప్పితే ఒక లైను పోతుంది. ఈ సీన్ అవనీ, ఈ సీన్ అవనీ అనుకున్నాను. ఫోన్ తీసి చూస్తే మూడుంపావు. ఐస్ ఆ తర్వాతే పడింది, అందుకే వచ్చేసరికి ఏడయింది. నువ్వు మొదటిసారి చేసినప్పుడు చినుకు కూడా లేదు."

ఇషా కుర్చీ లాక్కుని ఆయన పక్కన కూర్చుంది.

"చివరికి సినిమాలో వాడు చేరతాడా?" అని అడిగారాయన.

"చేరతాడు నాన్నా. లేటుగా."

"వాడు వెంటనే బయల్దేరాడు కదమ్మా," అన్నారాయన.